వసూలు అంటే రాక: అరబీ మాటలు దారిలో మార్చుకున్న అర్థాలు

గల్ఫ్ దేశాల్లో ఏ విమానాశ్రయంలో దిగినా తలపైన వేలాడే బోర్డుల మీద మూడు అరబీ మాటలు కనిపిస్తాయి. విమానం దిగినవాళ్లు వచ్చే వైపు 'వుసూల్', లోపలికి వెళ్లే తలుపు మీద 'దుఖూల్', బయటికి పోయే తలుపు మీద 'ఖురూజ్'. రాక, ప్రవేశం, నిష్క్రమణ అని వాటి అర్థాలు. కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో పనికోసం వెళ్లినవాడికి ఆ లిపి చదవడం రాకపోవచ్చు గానీ, ఆ మూడు మాటల చుట్టాలు చిన్నప్పటి నుంచీ అతని నోట్లో నానుతున్నవే. వసూలు, దాఖలు, ఖర్చు. చేతికి వచ్చింది వసూలు, దస్త్రంలోకి చేరింది దాఖలు, చేయి దాటి బయటికి పోయింది ఖర్చు. అక్కడ మనుషుల రాకపోకలకు వాడే మాటలు ఇక్కడ డబ్బుకూ కాగితాలకూ అంటుకున్నాయి.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఆ మాటలు ఏ దారిన వచ్చాయో చూడాలి. అరబ్బులు మన తీరాలకు ఎప్పటి నుంచో వచ్చిపోతున్నవాళ్లే కాబట్టి వాళ్ల నోటి నుంచి నేరుగా విన్నామనుకోవడం సులువు. కానీ మాటల్లోని ధ్వని అందుకు ఒప్పుకోదు.

అరబీలో 'దాద్' అనే అక్షరం ఉంది. నాలుకను బరువుగా నొక్కి పలికే ఒక రకం 'ద' అది. న్యాయాధికారిని అరబీలో 'ఖాదీ' అన్నట్టుగా పలుకుతారు. 711 నుంచి అరబ్బుల పాలన చూసిన స్పెయిన్ ఆ మాటను వాళ్ల నోటి నుంచే విన్నది, అందుకే స్పానిష్‌లో ఊరి పెద్దను 'అల్కాల్దే' అంటారు, 'ద' నిలిచి ఉంది. ఇరాన్‌వాళ్లకు ఆ ధ్వని పలకలేదు. దాన్ని వాళ్లు మెత్తని 'జ' చేసేశారు. ఇప్పుడు తెలుగు మాటలు వరసగా చూడండి: ఖాజీ, హాజరు, రాజీ, అర్జీ, జామీను, జప్తు, మర్జీ, రంజాన్, జిల్లా. వీటన్నిటి మూలంలోనూ దాద్ ఉంది, తెలుగులో ఒక్కదానిలోనూ 'ద' లేదు. అరబీ మాట ఇరాన్ నోట్లో నలిగాకే మన దాకా వచ్చిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో సాక్ష్యం మరీ దగ్గరిది. గొంతు లోపలి నుంచి పలికే అరబీ 'క'ను ఉత్తరాదివాళ్లు మామూలు 'క'గా మార్చుకుని కైదీ, కిలా అంటారు. హైదరాబాదు దక్కనీలో అదే అక్షరం 'ఖ' అవుతుంది. తెలుగులో ఖైదీ, ఖిల్లా, ఖరారు. అంటే ఈ మాటలు బాగ్దాదులో బయల్దేరి, ఇరాన్‌లో వేషం మార్చుకుని, చివరికి గోల్కొండ యాసతో మన ఊళ్లలోకి దిగాయి.

ఇరాన్‌ చివరి సాసానీ రాజు యజ్దగిర్ద్ 651లో హతుడయ్యాక రెండు శతాబ్దాలపాటు ఫార్సీలో రాత దాదాపు మూగబోయింది. అది మళ్లీ తలెత్తింది తొమ్మిది, పది శతాబ్దాల్లో, బుఖారా కేంద్రంగా పాలించిన సామానీల కాలంలో. అప్పటికి లిపి అరబీది, చదువు అరబీది, పన్నుల లెక్కా ధర్మశాస్త్రమూ అరబీవి. ఫిర్దౌసీ 1010 ప్రాంతంలో షానామా పూర్తి చేసినప్పుడు అరబీ మాటలు వీలైనంత తక్కువగా వాడాడు గానీ ఆ నిష్ఠ తర్వాతి వాళ్లకు లేకపోయింది. ఆ మిశ్రమ ఫార్సీయే ఢిల్లీకీ బీదరుకూ గోల్కొండకూ దర్బారు భాషగా వచ్చింది. కుంపెనీ ప్రభుత్వం 1837లో కోర్టుల నుంచి ఫార్సీని తప్పించేనాటికి మాటలు కచేరీ దాటి సంతకూ పొలానికీ చేరిపోయాయి. బ్రౌను దొర 1852లో 'జిల్లా నిఘంటువు' పేరుతో ఒక పుస్తకమూ, 1854లో తెలుగులోని మిశ్రభాషా పదాలకు ఒక నిఘంటువూ వేయాల్సి వచ్చిందంటే, ఈ మాటలు తెలియకుండా దొరలకు ఒక్క అర్జీ అర్థమయ్యే పరిస్థితి లేదన్నమాట.

దారిని పట్టిచ్చే ఆనవాలు మాట చివరన కూడా ఒకటుంది. అరబీలో చాలా నామవాచకాలకు చివర ఒక 'త' ఉంటుంది. మాట ఆపి పలికితే అది మాయమవుతుంది: దౌలా, హకీకా, హుకూమా. ఫార్సీవాళ్లు చాలా మాటల్లో ఆ 'త'ను వదలకుండా పట్టుకున్నారు: దౌలత్, హకీకత్, హుకూమత్. టర్కీ భాష కూడా అదే దారిలో దెవ్లెత్, హుకుమెత్ అంటుంది. కొన్ని మాటలను రెండు రూపాల్లోనూ ఉంచుకుని రెండర్థాలు పంచారు. ఉర్దూలో 'రిసాలత్' అంటే ప్రవక్త పదవి, 'రిసాలా' అంటే పత్రిక. అరబీలో రెండూ ఒకటే మాట, సందేశమో ఉత్తరమో అని అర్థం.

ఆ 'త' తెలుగులో అన్నిటికన్నా లోతుగా నాటుకున్న మాట రైతు. దీన్ని పరాయి మాట అంటే నమ్మడానికి మనసొప్పదు. మూలం అరబీ 'రఇయ్యా', అంటే కాపరి మేపే మంద. కాపరి 'రాయీ'. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తమ మందకు జవాబుదారే అన్న ప్రవక్త వాక్యం ముస్లిం సమాజాల్లో అందరికీ తెలిసిందే. పాలకుడు కాపరి అయితే ప్రజలు మంద కదా, అలా ఆ మాటకు ప్రజ అనే అర్థం వచ్చింది. ఉస్మానీ టర్కీలో 'రెఆయా' అంటే మొదట పన్ను కట్టే జనమంతా, పోనుపోను ముఖ్యంగా క్రైస్తవ ప్రజలు. ఇరాన్‌లో 'రఅయ్యత్' దొర భూమిని దున్నేవాడయ్యాడు. 1960లలో భూసంస్కరణలు వచ్చేదాకా అక్కడి పల్లెను రెండుగా చీల్చిన జంట మాట 'అర్బాబ్-రఅయ్యత్', మన లెక్కలో దొర-జీతగాడు వంటిది. ఈ రోజుకీ ఆ మాటలో అణిగి ఉన్నవాడనే వాసన పోలేదు.

భారతదేశంలో రెవెన్యూ దస్త్రాలు ఆ మాటను సాగుదారుకు కట్టాయి. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, నడుమ జమీందారు లేకుండా సాగుదారుతో సర్కారే నేరుగా లెక్క చూసుకునే పద్ధతిని అక్కడ స్థిరపరచాడు. దాని పేరు రైత్వారీ. సాగుదారు పేరే పట్టాలోకి ఎక్కింది. ఉర్దూ మాట్లాడేవాడు వ్యవసాయదారుణ్ని కిసాన్ అనో కాశ్త్‌కార్ అనో అంటాడు, ఇరాన్‌వాడు కెషావర్జ్ అంటాడు. మంద అన్న మాటను గౌరవంగా తలకెత్తుకున్నది తెలుగువాళ్లూ కన్నడిగులే. 'రైతే రాజు' అన్న నినాదాన్ని మూలార్థాలతో విప్పితే 'మందే కాపరి' అని వస్తుంది, చెడ్డ తమాషా ఏమీ కాదు. 1999లో మొదలైన రైతుబజారు పేరులో మొదటి మాట అరబీ, రెండోది ఫార్సీ. కూరగాయలు మాత్రం మనవే.

ఆ 'తమాషా'కూ ఒక కథ ఉంది. అరబీలో 'తమాషీ' అంటే కలిసి నడవడం. నలుగురితో కలిసి నడిచేది ఏదైనా చూడ్డానికే గనక ఫార్సీలో 'తమాషా' చూడటమైంది. నేటి టెహ్రాన్‌లో టీవీ చూడటాన్ని కూడా తమాషా చేయడమే అంటారు. ఉర్దూలో అది చూసే వేడుక, మరాఠీలో ఒక జానపద రంగస్థల కళ, తెలుగులో వేళాకోళం. కాళ్ల నుంచి కళ్లకు, కళ్ల నుంచి నవ్వుకు.

ఇరుగుపొరుగు భాషల మధ్య ఈ మాటలు చేసే అసలు అల్లరి చూడాలంటే 'తక్లీఫ్' దగ్గర ఆగాలి. అరబీ మూలంలో ఒకరి మీద ఒక భారం పెట్టడమని అర్థం. ఇరాన్ బడిలో పిల్లలకు ఇచ్చే ఇంటిపని తక్లీఫ్. మతవిధులు తప్పనిసరయ్యే వయసూ తక్లీఫే, అక్కడి ఆడపిల్లలకు తొమ్మిదేళ్లకు ఆ పేరుతో వేడుక చేస్తారు. టర్కీలో 'తెక్లీఫ్' అంటే ప్రతిపాదన, వ్యాపారి చెప్పే ధర కూడా తెక్లీఫే. ఉర్దూలో మాత్రం అది నొప్పి, ఇబ్బంది. హైదరాబాదులో డాక్టరు 'క్యా తక్లీఫ్ హై' అని అడిగిన ప్రశ్నను మాటకు మాట టెహ్రాన్‌కు పంపితే 'ఏం హోంవర్కు?' అనీ, ఇస్తాంబుల్‌కు పంపితే 'ఏం బేరం?' అనీ వినిపిస్తుంది. భారం మీద పెట్టేవాడి వైపు నుంచి చూస్తే విధి, మోసేవాడి వైపు నుంచి చూస్తే బాధ. ఉర్దూ మోసేవాడి పక్షం తీసుకుంది.

'తహసీల్'ది ఇంతకన్నా విడ్డూరం. మూలార్థం సంపాదించడం, రాబట్టడం. ఇరాన్‌లో రాబట్టేది విద్య, తహసీలాత్ అంటే చదువులు. టర్కిష్‌లో 'తహ్సిల్' చదువూ అవుతుంది, పన్ను వసూలూ అవుతుంది. భారతదేశంలో చదువు జారిపోయి శిస్తు ఒక్కటే మిగిలింది, తహశీల్దారు పుట్టాడు. ఒక ఇరానీ విద్యార్థికి మన మండల కేంద్రంలో తహశీల్దారు కార్యాలయం అన్న బోర్డును ఫార్సీ లిపిలో రాసి చూపిస్తే అది ఏ విశ్వవిద్యాలయమో అనుకోవచ్చు.

వకీలు అరబీలో ప్రతినిధి. ఇరాన్‌లోనూ ఇక్కడా న్యాయవాది, టర్కీలో శాసనసభ్యుడి పేరులోనే 'వెకిల్' ఉంది. అరబ్బు దేశాల్లో న్యాయవాదిని వకీలు అనరు, 'ముహామీ' అంటారు. దౌలత్‌కు మూలం చక్రంలా తిరగడం, వంతు రావడం. ఖలీఫాల పీఠం మీద ఉమయ్యా వంశం వంతు పోయి 750లో అబ్బాసీ వంశం వంతు వచ్చినప్పుడు ఆ మలుపునే దౌలా అన్నారు, ఆపైన రాజవంశం, రాజ్యం అనే అర్థాలు స్థిరపడ్డాయి. ఇరాన్‌లో దౌలత్ అంటే ప్రభుత్వం, ఉర్దూలో డబ్బు. ఇరాన్ పత్రికలో 'దౌలత్ పడిపోయింది' అంటే మంత్రివర్గం కూలిందని, లాహోరులో ఎవడో దివాలా తీశాడని కాదు.

రాజకీయ పదాల్లో తేడా వస్తే పరువు సమస్య అవుతుంది. 'ఇంఖిలాబ్' అరబీలో తలకిందులు కావడం, సైన్యం చేసే కుట్ర. విప్లవానికి అరబీ మాట 'సౌరా'. ఫార్సీ, ఉర్దూల్లో ఇంఖిలాబే విప్లవం. 1979లో ఇరాన్‌లో జరిగినదాన్ని ఇరానీలు సగర్వంగా ఇంఖిలాబ్ అంటారు, అదే మాటను అరబీ వార్తల్లో వాడితే నిందించినట్టే. మన గోడల మీది 'ఇంక్విలాబ్ జిందాబాద్'ను కైరోలో వినిపిస్తే సైనిక కుట్రకు జేజేలు పలికినట్టు ఉంటుంది. అలాగే 'జాతీయ' అనడానికి ఇరాన్ 'మిల్లీ' అంటే పాకిస్తాన్ 'ఖౌమీ' అంటుంది. ఇరాన్‌లో 'ఖౌమీ' అంటే తెగకు సంబంధించినదని, ఉర్దూలో 'మిల్లత్' అంటే ముఖ్యంగా ముస్లిం సమాజమని. ఒకరి జాతి ఇంకొకరికి తెగ.

గరీబు సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ దాని మూలంలో పేదరికం లేదు. పడమటికి వాలడం, దూరంగా పోవడం ఆ ధాతువు అర్థం. సూర్యుడు వాలాక చేసే మగ్రిబ్ నమాజుదీ అదే ధాతువు. గరీబ్ అంటే ఊరుగాని ఊరివాడు, వింతవాడు. పరాయి ఊళ్లో పడ్డవాడికి దిక్కు ఉండదు, దిక్కులేనివాడు పేదవాడు. ఉర్దూలో పేదవాడు నిలిచాడు, పాత అర్థం 'అజీబోగరీబ్' అనే జంటలో ఒక మూల దాక్కుంది.

ఇక తెలుగు. ఇక్కడ అర్థాలను మలచింది కవులూ మౌల్వీలూ కారు, కరణాలు. శిస్తు లెక్క, తగాదా, అప్పు పత్రం, ఈ మూడు అచ్చుల్లో పోసిన మాటలే ఎక్కువ. అరబీలో 'అస్ల్' చెట్టు వేరు, మూలం. వడ్డీకి వేరు అప్పుగా తెచ్చిన సొమ్మే కాబట్టి అది అసలు. అక్కడి నుంచి 'నిజమైన' అన్న అర్థం, 'అసలు సంగతి'. ఆపైన 'అసలు రాలేదు' అన్న ప్రయోగం. ఫార్సీలో 'అస్లన్' కూడా వ్యతిరేక వాక్యంలో 'బొత్తిగా' అనే అర్థమిస్తుంది, టర్కిష్‌లో 'అస్లా' ఏకంగా 'ఎన్నటికీ కాదు' అయిపోయింది. తెలుగువాడు దాన్ని విని నేర్చాడా, తనంతట తానే అటు నడిచాడా అన్నది తేల్చడం కష్టం. నేర్చాడనుకోవడమే సబబుగా ఉంది.

'దిల్అ' అంటే పక్కటెముక. రేఖాగణితంలో భుజం అయింది, రాజ్యానికి ఒక భుజం జిల్లా అయింది. 'తఅల్లుఖ్' అంటే సంబంధం. దాని నుంచి తాలూకా. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, అయినా 'పెళ్లికొడుకు తాలూకువాళ్లు' ఎక్కడికీ పోలేదు. పరిపాలనలో చచ్చిన మాట పెళ్లిపందిట్లో తన అరబీ అర్థంతోనే బతికి ఉంది. ఆసామి మాటలో స్వామి ఉన్నాడని భ్రమపడేవాళ్లు ఉంటారు. అరబీలో పేరు 'ఇస్మ్', పేర్లు 'అస్మా', ఆ బహువచనానికి మళ్లీ బహువచనం 'అసామీ'. శిస్తు చిట్టాలో ఉన్న పేర్ల పట్టీ కాస్తా ఆ పట్టీలోని ఒక్క మనిషైంది. నాయబు అంటే బదులు పనిచేసేవాడు, దాని బహువచనం నవాబు. బహువచనాన్ని తెచ్చి ఒక్కడికి తగిలించడం టర్కీలోనూ ఉంది, అక్కడ 'ఎవ్లాత్' అంటే ఒక్క బిడ్డ, మూలంలో సంతానమంతా.

అమలు, మామూలు అక్కాచెల్లెళ్లు. పని చేయడం అమలు, ఎప్పుడూ చేస్తూ వచ్చింది మామూలు. ఎప్పుడూ ఇస్తూ వచ్చిన పైసలు కూడా మామూలే, బహువచనంలో మరీ మామూళ్లు. లంచానికి 'ఆచారం' అని పేరు పెట్టిన కచేరీ గుమాస్తా ఎవడోగానీ గడుసువాడు.

మాజీ అంటే గడిచిన కాలం. ఇరాన్‌లో వ్యాకరణం పంతులు భూతకాల క్రియను మాజీ అంటాడు. తెలుగు, కన్నడ, మరాఠీల్లో ఆ పేరు పదవి పోయిన మంత్రులకు దక్కింది. ఉర్దూవాళ్లు, అరబ్బులు ఇద్దరూ అక్కడ 'సాబిఖ్' అంటారు. సవాలు మూలంలో వట్టి ప్రశ్న. ఫార్సీలో, ఉర్దూలో, మరాఠీలో నేటికీ ప్రశ్నే. తెలుగు, కన్నడ, తమిళాల్లో మాత్రం తొడగొట్టి విసిరేది. జవాబు మాత్రం మారకుండా జవాబుగానే ఉంది. మరాఠీ లావణి వేదిక మీద రెండు జట్లు పోటీపడే 'సవాల్-జవాబ్' లాంటి సభల్లో ప్రశ్నే పంతమవుతుంది కనక, దక్షిణాన ఆ అర్థం అలా ముదిరి ఉండాలి. జల్సా అరబీలో కూర్చోవడం, సమావేశం. టర్కీలో 'జెల్సే' అంటే కోర్టు విచారణ. ఉర్దూలో బహిరంగసభ, పాట కచేరీ. తెలుగు ఆ కచేరీని మాత్రమే ఏరుకుని జల్సా చేసింది.

మెకంజీ దొర కాలంలో ఊరూరా రాయించిన కైఫియత్తులు తెలుగు చరిత్రకారులకు పెన్నిధి. ఆ మాటకు మూలం 'కైఫ్', అంటే ఎలా. ఊరు ఎలా ఉందో చెప్పేది కైఫియత్తు. అదే 'కైఫ్' అరబీలో మనసు హాయిగా ఉన్న స్థితి కూడా. కల్లు ముంత దగ్గరి కైపు ఆ ఇంటి బిడ్డే అనుకోవచ్చు.

మూలార్థమే నిజమైన అర్థమని వాదించేవాళ్లు ప్రతి భాషలోనూ ఉంటారు. ఆ లెక్కన రైతును మంద అనాలి, జిల్లాను ఎముక అనాలి, ఉర్దూలో స్త్రీని పిలిచే 'ఔరత్'ను నోట పలకనే కూడదు, దాని అరబీ మూలం కప్పి ఉంచాల్సిన మర్మస్థానం. మాట విన్నవాడికి ఏది తోస్తే అదే దాని అర్థం. ధాతువు దాని పుట్టినూరు మాత్రమే.

ఈ మాటలను వెళ్లగొట్టాలన్న ప్రయత్నాలూ జరిగాయి. టర్కీ 1928లో లిపి మార్చి, 1932లో భాషాసంఘం పెట్టి, బడిని 'మెక్తెప్' అనడం మాని 'ఒకుల్' అంది. 'కితాప్'ను మాత్రం కదిలించలేకపోయింది. ఇరాన్ 1935లో ఫర్హంగిస్తాన్ అనే అకాడమీ స్థాపించి, పురపాలక సంఘానికి ఉన్న 'బలదియ్యె' అన్న అరబీ పేరును తీసి 'షహర్‌దారీ' అంది. టెహ్రాన్ నుంచి వెళ్లిపోయిన ఆ పేరు హైదరాబాదులో హాయిగా ఉంది. బల్దియా ఎన్నికలని తెలుగు పత్రికలు నేటికీ రాస్తున్నాయి. రైతులోని 'త' దీని చివర లేదు. పాత ఫార్సీ పలుకుబడి దీన్ని తాకలేదు, ఆధునిక కాలపు పరిపాలనా పదంగా వచ్చి చేరింది.

ఆ మాటే ఇప్పుడు ఇంకో దారిలో కూడా వస్తోంది. గల్ఫ్‌లో వీధులు ఊడ్చే కొలువు చేసేవాళ్లు 'బలదియాలో పని' అంటారు, అది వాళ్లు అరబ్బు నోటి నుంచి నేరుగా విన్నది. పూచీపడ్డ యజమాని కఫీలు, నివాస అనుమతి కార్డు అకామా. అరబీలో 'ఇఖామా' అంటే నిలవడం, మసీదులో నమాజు మొదలుపెట్టేముందు ఇచ్చే పిలుపు కూడా అదే. తెలంగాణ పల్లెల్లో ఆ కార్డు తప్ప మరో అర్థం లేదు. వెయ్యేళ్ల తర్వాత ఇరాన్ ప్రమేయం లేకుండా, కరణాల కలం లేకుండా అరబీ తెలుగులోకి వస్తోంది. అరబ్బులు విసుగొస్తే 'ఖల్లీ వల్లీ' అంటారు, పోనీలే, వదిలెయ్ అని. సిరిసిల్ల, జగిత్యాల వైపు ఎవరైనా 'మావాడు కల్లివెల్లి అయిండు' అంటే, కఫీలు దగ్గర పాస్‌పోర్టు వదిలేసి, అకామా లేకుండా, దొరికితే జైలని తెలిసీ ఎక్కడో దాక్కుని కూలి చేసుకుంటున్నాడని.